పాత కంప్యూటర్ భాగాలు కొత్త పీసీలో: ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి

డెస్క్‌టాప్ కంప్యూటర్ విడివిడి భాగాల కూర్పు. క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, హార్డ్ డిస్క్, గ్రాఫిక్స్ కార్డు వేర్వేరు కంపెనీల్లో తయారై, చివరికి ఒక పెట్టెలో కలుస్తాయి. వీటన్నింటికీ ఒకేసారి వయసు మీద పడదు. ప్రాసెసర్ వెనకబడే నాటికి దాన్ని మోస్తున్న ఇనుప పెట్టె చెక్కుచెదరకుండా ఉంటుంది. ర్యామ్ నిక్షేపంగా పనిచేస్తున్నా దాన్ని గుచ్చడానికి కొత్త బోర్డులో చోటు ఉండకపోవచ్చు. అందుకే కొత్త పీసీ కొనే ముందు పాతదాన్ని మొత్తంగా పక్కన పెట్టడం కన్నా భాగాలవారీగా పరీక్షించి చూడటం మేలు.

ఈ అవసరం ఇప్పుడు చాలా ఇళ్లకు, చిన్న కార్యాలయాలకు వచ్చిపడింది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. ప్రాసెసర్ కూడా, కొన్ని మినహాయింపులు తప్ప, ఇంటెల్‌లో 8వ తరం లేదా ఆ తర్వాతిది, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 వరుస లేదా ఆ తర్వాతిది కావాలి. దానితో 2013-17 మధ్య కొన్న ఎన్నో డెస్క్‌టాప్‌లు బాగా నడుస్తుండగానే పాతబడ్డాయి. వాటిలో మార్చక తప్పనివి ముఖ్యంగా ప్రాసెసర్, మదర్‌బోర్డు. మిగతా వాటిలో ఏవి కొత్త పీసీలోకి వెళ్లవచ్చో మూడు ప్రశ్నలు తేలుస్తాయి. భాగం కొత్త బోర్డుకు అమరుతుందా? ఎంతవరకు అరిగింది? అది హఠాత్తుగా పాడైతే దానితోపాటు ఇంకేం పోతుంది? కొన్న సంవత్సరం ఒక్కటే చూసి నిర్ణయిస్తే, పనికొచ్చేది పారేయడమో, పనికిరానిది బిగించడమో జరుగుతుంది.

క్యాబినెట్

అన్నింటికన్నా ఎక్కువ కాలం నిలిచేది క్యాబినెట్. దానికి కారణం 1995లో ఇంటెల్ ప్రవేశపెట్టిన ఏటీఎక్స్ అమరిక. పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. మైక్రో ఏటీఎక్స్ రెండు వైపులా 244 మిల్లీమీటర్లు, మినీ ఐటీఎక్స్ 170 మిల్లీమీటర్లు. మూడింటిలో స్క్రూ రంధ్రాల స్థానాలు ఒకే అమరికను అనుసరిస్తాయి కాబట్టి పెద్ద క్యాబినెట్‌లో చిన్న బోర్డు కూడా కూర్చుంటుంది. 2014 నాటి ఏటీఎక్స్ క్యాబినెట్‌లో ఈనాటి బోర్డును బిగించడానికి పట్టేది స్క్రూడ్రైవర్ ఒక్కటే.

అయితే కొన్ని కొలతలు ముందే తీసుకోవాలి. నేటి పెద్ద గ్రాఫిక్స్ కార్డుల పొడవు 300 మిల్లీమీటర్లు దాటుతోంది. పాత క్యాబినెట్లలో హార్డ్ డిస్క్ అరలు అంత పొడవుకు అడ్డు రావచ్చు. నిలువుగా నిలబడే పెద్ద కూలర్లకు పక్క తలుపు తగలవచ్చు. ముందు వైపు యూఎస్‌బీ పోర్టులు కొన్ని పాత క్యాబినెట్లలో 2.0 రకానివే ఉంటాయి. అవి కొత్త బోర్డుకు కలుస్తాయి గానీ వేగం పెరగదు. గాలి రాకపోకలు కూడా ముఖ్యమే. ముందు భాగం పూర్తిగా మూసి ఉండి, వెనక ఒక్క ఫ్యాన్ మాత్రమే ఉన్న పెట్టెలో ఎక్కువ వేడినిచ్చే ప్రాసెసర్‌ను పెడితే వేసవిలో అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కార్యాలయాల నుంచి సెకండ్ హ్యాండ్‌లో వచ్చే సన్నని బ్రాండెడ్ డెస్క్‌టాప్‌ల సంగతి వేరు. వాటిలో చాలావాటికి బోర్డు ఆకారం, ఎస్‌ఎంపీఎస్ కనెక్టర్ ఆ కంపెనీకే ప్రత్యేకం. అలాంటి పెట్టెలో మామూలు బోర్డు పట్టదు.

ఫ్యాన్లు, కూలర్

120 మిల్లీమీటర్ల క్యాబినెట్ ఫ్యాన్లు ఏళ్ల తరబడి మారని వస్తువులు. పాత 3 పిన్నుల ఫ్యాన్‌ను కొత్త బోర్డులోని 4 పిన్నుల చోట గుచ్చవచ్చు. వేగం అదుపులో ఉండాలంటే బయాస్‌లో ఆ ఫ్యాన్‌ను డీసీ పద్ధతికి మార్చాలి. తిరిగేటప్పుడు గరగర శబ్దం వస్తే బేరింగ్ అరిగినట్టు. అలాంటి ఫ్యాన్‌ను శుభ్రం చేసినా లాభం లేదు, మార్చాల్సిందే.

ప్రాసెసర్ కూలర్ విషయంలో సాకెట్ చూడాలి. ఇంటెల్‌లో ఎల్‌జీఏ 1156 నుంచి 1200 వరకు వచ్చిన ప్రధాన డెస్క్‌టాప్ సాకెట్లకు రంధ్రాల మధ్య దూరం 75 మిల్లీమీటర్లే. 2021లో వచ్చిన ఎల్‌జీఏ 1700తో అది 78 మిల్లీమీటర్లయింది. కాబట్టి పాత కూలర్‌కు అదనపు బిగింపు కిట్ కావాలి. కొన్ని కంపెనీలు దాన్ని విడిగా ఇస్తాయి. ఏఎమ్‌డీలో ఏఎమ్4 కూలర్లు చాలావరకు ఏఎమ్5 మీద కూడా సరిపోతాయి. ఏ కూలర్ అయినా పాత థర్మల్ పేస్ట్‌ను పూర్తిగా తుడిచి, కొత్తది రాసిన తర్వాతే బిగించాలి.

హార్డ్ డిస్క్, ఎస్‌ఎస్‌డీ

పాత భాగాల్లో ఎక్కువ ఉపయోగం, ఎక్కువ ప్రమాదం రెండూ ఉన్నవి డిస్కులే. సాటా కనెక్షన్ 2003లో వచ్చింది. నేటి డెస్క్‌టాప్ బోర్డుల్లోనూ సాధారణంగా సాటా పోర్టులు ఉంటున్నాయి. అంటే 2010 నాటి హార్డ్ డిస్క్ కూడా నేరుగా కలుస్తుంది. సాటాకు ముందు నాటి వెడల్పాటి రిబ్బన్ కేబుల్‌తో వచ్చే ఐడీఈ డిస్కులకు మాత్రం కొత్త బోర్డుల్లో చోటు లేదు. వాటిలోని ఫొటోలు, పత్రాలు తీసుకోవడానికి యూఎస్‌బీ అడాప్టర్ చాలు.

కలిసినంత మాత్రాన పాత డిస్కుకు పాత పనే అప్పగించకూడదు. సాధారణ డెస్క్‌టాప్ హార్డ్ డిస్క్ వరుసగా ఉన్న పెద్ద ఫైల్‌ను సెకనుకు 150 నుంచి 200 మెగాబైట్ల దాకా చదవగలదు. సాటా ఎస్‌ఎస్‌డీ 550 మెగాబైట్ల దాకా, పీసీఐఈ 3.0 రకం ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ 3,500 దాకా ఇస్తాయి. డిస్కు మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను వెతికి తెచ్చేటప్పుడు ఈ తేడా మరెన్నో రెట్లవుతుంది. విండోస్ చేసేది ఎక్కువగా ఆ పనే. కాబట్టి ఆపరేటింగ్ సిస్టమ్‌కు కొత్త ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఆటలకూ రోజువారీ ఫైళ్లకూ పాత సాటా ఎస్‌ఎస్‌డీ, సినిమాలకూ ఫొటోల రెండో కాపీకీ పాత హార్డ్ డిస్క్ అన్నది మంచి పంపకం. ఒకే ఒక్క కాపీ ఉన్న పెళ్లి ఫొటోలను, ఇంటి పత్రాలను పాత డిస్కుకు వదిలేయకూడదు.

డిస్కు ఆరోగ్యాన్ని తెలిపే లెక్కలు దానిలోనే ఉంటాయి. స్మార్ట్ అనే ఈ సమాచారాన్ని విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మన్‌టూల్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చదవవచ్చు. వాటిలో ముఖ్యంగా చూడాల్సినవి రెండు. మొదటిది రీఎలొకేటెడ్ సెక్టర్లు: చెడిపోయిన చోట్లను డిస్కు పక్కనబెట్టి, వాటి బదులు వేరే చోట్లను వాడుకున్న లెక్క. రెండోది పెండింగ్ సెక్టర్లు: చదవడానికి మొరాయిస్తూ ఇంకా ఎటూ తేలని చోట్ల లెక్క. ఈ రెండూ సున్నాగా ఉండాలి. అవి వారం వారం పెరుగుతుంటే డేటా వెంటనే మరోచోటికి కాపీ చేసి ఆ డిస్కును పక్కన పెట్టాలి. డేటా బదిలీలో వచ్చే సీఆర్‌సీ తప్పులు మాత్రమే పెరుగుతుంటే దోషం చాలాసార్లు సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడకుండా డిస్కును తప్పుపట్టకూడదు.

ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగాలు లేవు గానీ రాతకు పరిమితి ఉంది. మొత్తం ఎంత డేటా రాయవచ్చో కంపెనీ టీబీడబ్ల్యూ అనే అంకెతో చెబుతుంది. ఇప్పటిదాకా ఎంత రాశారో స్మార్ట్ లెక్కలో కనిపిస్తుంది. బాగా అరిగిన ఎస్‌ఎస్‌డీని కరెంటు లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో దాచడం మంచిది కాదు. దానిలోని విద్యుదావేశం మెల్లగా తగ్గి, డేటా చెదిరిపోయే అవకాశం ఉంది.

సన్నని ఎం.2 కార్డు రూపంలో ఉన్న ఎస్‌ఎస్‌డీల్లో సాటా రకం, ఎన్‌వీఎంఈ రకం రెండూ ఉన్నాయి. చూడటానికి ఒకేలా ఉన్నా, కొన్ని బోర్డుల ఎం.2 స్లాట్లు ఎన్‌వీఎంఈని మాత్రమే గుర్తిస్తాయి. మరికొన్ని బోర్డుల్లో ఎం.2 స్లాట్ వాడితే ఒకటి రెండు సాటా పోర్టులు పనిచేయవు. కొత్తగా కలిపిన పాత డిస్కు కనబడకపోతే మొదట బోర్డు మాన్యువల్లో ఈ సంగతి చూడాలి.

పాత విండోస్ ఉన్న డిస్కు కొత్త పీసీలో బూట్ అవుతుందని అనుకోకూడదు. పాత డిస్కుల్లో చాలావరకు ఎంబీఆర్ పద్ధతిలో విభజించి ఉంటాయి. కొత్త పీసీలు జీపీటీతో, యూఈఎఫ్ఐ ద్వారా మొదలవుతాయి. రెండో డిస్కుగా కలిపి డేటా చదువుకోవడానికి మాత్రం ఈ తేడా అడ్డు కాదు. పాత విండోస్‌లో డిస్కుకు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే డిస్కు విప్పకముందే 48 అంకెల రికవరీ కీని రాసిపెట్టుకోవాలి. అది లేకపోతే కొత్త పీసీలో డిస్కు కనిపిస్తుంది గానీ తెరుచుకోదు.

ఎస్‌ఎంపీఎస్

పాడైతే ఇంకేం పోతుందన్న మూడో ప్రశ్న గట్టిగా వేయాల్సింది ఇక్కడే. హార్డ్ డిస్క్ పోతే దానిలో ఉన్నదే పోతుంది. ఎస్‌ఎంపీఎస్ చెడ్డగా పోతే బోర్డును, డిస్కులను కూడా తీసుకుపోగలదు. ఇంట్లోకి వచ్చే 230 వోల్టుల కరెంటును అది 12, 5, 3.3 వోల్టుల డీసీగా మారుస్తుంది. ఒకప్పుడు బరువంతా 5, 3.3 వోల్టుల మీద ఉండేది. 2000లో పెంటియం 4 వచ్చిన దగ్గర్నుంచి ప్రాసెసర్‌కు 12 వోల్టులు ఇవ్వడం మొదలైంది. నేటి పీసీలో దాదాపు అంతా 12 వోల్టుల మీదే నడుస్తుంది. కాబట్టి పెట్టె మీద పెద్దక్షరాల్లో రాసిన వాట్ల అంకెను వదిలి, లేబుల్ పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడాలి. అక్కడ 18 ఆంపియర్లే ఉంటే 12 వోల్టులకు దక్కేది 216 వాట్లే. పైన 450 అని రాసి ఉన్నా కొత్త గ్రాఫిక్స్ కార్డుకు అది చాలదు.

ఎస్‌ఎంపీఎస్‌లో అరిగేవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. వాటిలోని ద్రవం వేడికి క్రమంగా ఆరిపోతుంది. ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా వాటి ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది ఇంజినీర్ల సాధారణ లెక్క. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్లలో, దుమ్ము పట్టిన గదిలో పగలంతా నడిచిన ఎస్‌ఎంపీఎస్ కాగితం మీది వయసు కన్నా పెద్దదైపోతుంది. మంచి కంపెనీలు 5, 7, 10 ఏళ్ల వారంటీలు ఇస్తున్నాయి. ఆ గడువు లోపల ఉండి, ప్రాసెసర్‌కు 8 పిన్నుల కనెక్టర్, గ్రాఫిక్స్ కార్డుకు కావలసిన కనెక్టర్లు ఉన్న ఎస్‌ఎంపీఎస్‌ను కొనసాగించవచ్చు. క్యాబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చినదాన్ని, గడువు దాటినదాన్ని మార్చడమే మంచిది. పొదుపు చేయాల్సింది ఈ భాగం దగ్గర కాదు.

కేబుళ్లు విడిగా ఊడి వచ్చే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌ల విషయంలో మరో హెచ్చరిక అవసరం. డిస్కు వైపు, బోర్డు వైపు ఉండే కనెక్టర్లకు ప్రమాణం ఉంది. ఎస్‌ఎంపీఎస్ వైపు గుచ్చే చోటుకు లేదు. ఒక కంపెనీ కేబుల్ మరో కంపెనీ ఎస్‌ఎంపీఎస్‌కు చక్కగా పట్టవచ్చు గానీ లోపల తీగల వరుస వేరుగా ఉంటే 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వోల్టులు వెళ్లి డిస్కులు కాలిపోతాయి. ఎస్‌ఎంపీఎస్ మార్చినప్పుడు పాత కేబుళ్లను కూడా దానితోపాటే తీసేయాలి.

ఇంట్లోని యూపీఎస్‌కూ ఇలాంటి లెక్కే ఉంది. సాధారణంగా ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది దాదాపు 360 వాట్లు. గ్రాఫిక్స్ కార్డు లేని కొత్త పీసీకి అది చాలు. దానిలోని బ్యాటరీ కొన్నేళ్లకు బలహీనపడుతుంది. బ్యాటరీ ఒక్కటే మార్చి యూపీఎస్‌ను ఇంకా వాడుకోవచ్చు.

ర్యామ్

ర్యామ్ త్వరగా అరిగే వస్తువు కాదు. దాని కష్టమంతా అమరికలోనే. డీడీఆర్3 ర్యామ్‌కు 240 పిన్నులు, డీడీఆర్4కూ డీడీఆర్5కూ 288 పిన్నులు. పిన్నుల సంఖ్య ఒకటే అయినా మధ్యలో గాడి ఉన్న చోటు వేరు, వోల్టేజీ వేరు. డీడీఆర్3కి 1.5, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 వోల్టులు. ఒకదాని స్లాట్‌లో మరొకటి దిగదు, బలవంతంగా నొక్కకూడదు.

డీడీఆర్4 ఉన్నవారికి ఒక దారి ఉంది. ఇంటెల్ 12, 13, 14 తరాలకు వాడే ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో డీడీఆర్4 రకం, డీడీఆర్5 రకం విడివిడిగా దొరుకుతాయి. డీడీఆర్4 బోర్డు ఎంచుకుంటే పాత ర్యామ్ నేరుగా పనికొస్తుంది. ఏఎమ్‌డీ ఏఎమ్4 బోర్డులు డీడీఆర్4వే కాబట్టి వాటిలోనూ అది పనికొస్తుంది. ఏఎమ్5, ఇంటెల్ ఎల్‌జీఏ 1851 మాత్రం డీడీఆర్5తోనే నడుస్తాయి. 2025 చివరి నెలల నుంచి ర్యామ్ ధరలు బాగా పెరగడంతో ఈ దారికి విలువ పెరిగింది. డీడీఆర్3 ఉన్నవారు దాన్ని పాత బోర్డుతోనే ఉంచడం మంచిది.

వేర్వేరు వేగాల ర్యామ్‌లను కలిపితే అన్నీ నెమ్మదైనదాని వేగంతోనే నడుస్తాయి. కొన్నిసార్లు అసలు నడవవు. ఒకే రకం జత వాడటం ఉత్తమం. పాత ర్యామ్ బంగారు రంగు అంచులను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బిగించాక మెమ్‌టెస్ట్86తో ఒక రాత్రంతా పరీక్షించాలి. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్‌ను వాడకూడదు. ర్యామ్‌లోని చిన్న దోషం డిస్కులోకి రాసే ఫైళ్లను చప్పుడు లేకుండా పాడుచేస్తుంది.

ప్రాసెసర్, మదర్‌బోర్డు

ఈ రెండూ జంటగానే పోతాయి, జంటగానే వస్తాయి. పిన్నుల సంఖ్య చూసి మోసపోకూడదు. 2015లో వచ్చిన ఎల్‌జీఏ 1151 సాకెట్టే 2017లో ఇంటెల్ 8వ తరానికి కొనసాగినా, ఆ కొత్త ప్రాసెసర్లు పాత బోర్డుల్లో పనిచేయవు. ఏఎమ్‌డీ ఏఎమ్4 ఇందుకు మంచి మినహాయింపు. 2017లో కొన్న ఏఎమ్4 బోర్డుల్లో చాలావాటికి బయాస్ అప్‌డేట్‌తో రైజెన్ 5000 ప్రాసెసర్లు సరిపోతాయి. అలాంటి ఇంట్లో కొత్త పీసీ అవసరమే రాకపోవచ్చు, ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే విండోస్ 11 కూడా దిగుతుంది. అయితే పాత ప్రాసెసర్ బోర్డు మీద ఉండగానే బయాస్ అప్‌డేట్ చేయాలి.

గ్రాఫిక్స్ కార్డు, మానిటర్

పీసీఐ ఎక్స్‌ప్రెస్ ప్రమాణంలో కొత్త తరం పాత తరాన్ని వదల్లేదు. 3.0 కార్డు 5.0 స్లాట్‌లో, 5.0 కార్డు 3.0 స్లాట్‌లో పనిచేస్తాయి. వేగం రెండింటిలో తక్కువదాని మేరకు ఉంటుంది. అంతకు ముందు నాటి ఏజీపీ, పీసీఐ కార్డుల కాలం మాత్రం ముగిసింది.

చిక్కులు రెండుచోట్ల వస్తాయి. దాదాపు 2012కు ముందు కార్డుల్లో చాలావాటికి యూఈఎఫ్ఐ మద్దతు లేదు. సీఎస్ఎం అనే పాత పద్ధతి లేని కొత్త బోర్డులో వాటిని పెడితే తెర నల్లగానే ఉండిపోతుంది. రెండోది డ్రైవర్. ఎన్‌విడియా కెప్లర్ తరం కార్డులకు కొత్త గేమ్ డ్రైవర్లు 2021తో ఆగిపోయాయి. పైగా నేటి ప్రాసెసర్లలోనే ఉండే గ్రాఫిక్స్ కన్నా పాత చిన్న కార్డులు చాలావరకు బలహీనం. వాటిని బిగిస్తే కరెంటు ఖర్చు పెరుగుతుందే తప్ప లాభం ఉండదు. ఒక సందర్భంలో మాత్రం పాత కార్డు ఆదుకుంటుంది. ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లకు సొంత గ్రాఫిక్స్ ఉండవు. అలాంటి ప్రాసెసర్ కొన్నవారికి, ఆటలు ఆడకపోయినా, తెర మీద బొమ్మ రావడానికి ఏదో ఒక కార్డు కావాలి.

మానిటర్ చాలా కాలం పనికొచ్చే భాగం. డీవీఐ ఉన్న మానిటర్‌కు హెచ్‌డీఎంఐ నుంచి మామూలు కేబుల్ చాలు. వీజీఏ మాత్రమే ఉన్నదానికి సంకేతాన్ని డిజిటల్ నుంచి అనలాగ్‌కు మార్చే కన్వర్టర్ కావాలి. ఉత్త కేబుల్‌తో పని జరగదు. పాత మానిటర్‌ను రెండో తెరగా పక్కన పెట్టుకోవడం లెక్కలు చూసేవారికి, డీటీపీ చేసేవారికి పెద్ద సౌకర్యం. యూఎస్‌బీ కీబోర్డు, మౌస్, స్పీకర్లు ఏ మార్పూ లేకుండా కలుస్తాయి.

బిగించే క్రమం

విప్పకముందు డేటాను మరోచోటికి కాపీ చేయాలి. విండోస్ లైసెన్సు ఏ రకమో కూడా చూసుకోవాలి. విడిగా కొన్న రిటైల్ లైసెన్సు కొత్త పీసీకి మారుతుంది. కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు ఆ పాత మదర్‌బోర్డుతోనే ఉండిపోతుంది. ప్లగ్ తీసి, క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకి ఒంట్లోని స్థిర విద్యుత్తును వదిలించుకున్నాకే భాగాలను ముట్టుకోవాలి.

కొత్త బోర్డు, ప్రాసెసర్, కూలర్, ర్యామ్, కొత్త ఎస్‌ఎస్‌డీతో మొదట పీసీని నడిపించాలి. విండోస్ ఎక్కి, అంతా నిలకడగా ఉందని తేలాక పాత భాగాలను ఒక్కొక్కటిగా కలపాలి. ప్రతిసారీ ఆపి, ఒక్కటి కలిపి, మళ్లీ చూడాలి. అన్నీ ఒకేసారి బిగిస్తే, తేడా వచ్చినప్పుడు దోషం ఎక్కడుందో తెలుసుకోవడానికి రోజంతా పడుతుంది. షాపులో అసెంబుల్ చేయించేవారు కూడా పాత భాగాలను ముందే చూపించి, వాటికి తగిన బోర్డును ఎంచుకోవాలి. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి మార్కెట్లకు వెళ్లేటప్పుడు ర్యామ్ రకం, ఎస్‌ఎంపీఎస్ లేబుల్, క్యాబినెట్ కొలతలను ఫోన్‌లో ఫొటో తీసి తీసుకెళితే బేరం, ఎంపిక రెండూ తేలికవుతాయి.

మిగిలినవి

మిగిలిపోయే పాత బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ కలిసి ఇంకా ఒక పీసీయే. తేలికపాటి లినక్స్ వేస్తే పిల్లల టైపింగ్‌కు, చదువుకు పనికొస్తుంది. ఇంటి ఫైళ్లన్నీ ఒకచోట ఉంచే సర్వర్‌గా వాడాలంటే మాత్రం కరెంటు లెక్క చూసుకోవాలి. 50 వాట్లు తీసుకునే పీసీ ఇరవై నాలుగు గంటలూ నడిస్తే రోజుకు 1.2 యూనిట్లు అవుతాయి.

ఎవరికైనా ఇచ్చే ముందు, అమ్మే ముందు డిస్కును పూర్తిగా చెరిపేయాలి. ఫైళ్లు డిలీట్ చేయడం, క్విక్ ఫార్మాట్ చేయడం చాలవు. హార్డ్ డిస్క్ మీద మొదటి నుంచి చివరి దాకా మళ్లీ రాయించాలి. ఎస్‌ఎస్‌డీకి కంపెనీ ఇచ్చే సెక్యూర్ ఎరేస్ వాడాలి.

ఏ పనికీ రానివాటిని పాత ఇనుము వారికి ఇవ్వకూడదు. ఐక్యరాజ్యసమితి సంస్థల లెక్క ప్రకారం 2022లో ప్రపంచంలో 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగయ్యాయి. సరైన పద్ధతిలో సేకరించి రీసైకిల్ చేసినట్టు నమోదైంది వాటిలో 22.3 శాతమే. రాగి కోసం తీగలను కాల్చడం, బంగారం కోసం బోర్డులను ఆమ్లంలో ముంచడం వల్ల సీసం లాంటి విషాలు ఆ పని చేసేవారి ఒంట్లోకి, నేలలోకి, నీళ్లలోకి చేరుతాయి. భారతదేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు రీసైక్లింగ్ బాధ్యతను తయారీ కంపెనీల మీద పెట్టాయి. కాలుష్య నియంత్రణ మండలి వద్ద నమోదైన రీసైక్లర్లకు గానీ, కంపెనీల సేకరణ కేంద్రాలకు గానీ వాటిని అప్పగించాలి. మంచి భాగం మరికొన్నేళ్లు పనిచేయాలి, చెడిన భాగం ఎవరికీ హాని చేయకుండా కరగాలి. పాత పీసీని విప్పేవారు పూర్తిచేయాల్సిన పనులు ఈ రెండు.